వినుట - కనుట - పలుకుట

హైదరాబాదు నగరపు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరు, లాల్ బహదూర్ నగరు అను రెండు పేటలు కలవు. రెండవదానిని జనులు క్లుప్తముగ ఎల్.బి. నగరనియే పిలుతురు. విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి ఈ రెండు పేటలను కలుపుచు సాగును. ఉదయము మొదలు రాత్రి చాల పొద్దుపోవు వరకు ఆ బాటపై బస్సులు, ఆటోలు, లారీలు, ద్విచక్ర వాహనములు ఎడతెగక పోవుచుండును. బండ్ల మోతకు బేరగాండ్ర కేకలు తోడగును. అంతటి రొదలోను ఒక తల్లి తన బిడ్డకు ఏదో చెప్పును. బిడ్డ విని తలయూపును. పూలమ్ము స్త్రీ మూర వెల చెప్పును. కొనువారు విని పైకము తీయుదురు.

ఇంత కోలాహలములో మాట తెలియుట ఎట్లు? మనుష్యుడు చెవితో మాత్రమే వినడు; కన్నుతో కూడ వినును. చెవి తెచ్చిన వార్తను, కన్ను తెచ్చిన వార్తను మెదడు జోడించి ఒక మాటగా గ్రహించును. ఈ మూడింటిలో ఒకటి కొఱవడినపుడు భాష నేర్చుటయే కష్టమగును. ఈ సంగతి పెద్దలకు తెలియకపోవుటచే ప్రతి తరమునందును కొందఱు బాలబాలికలు మందబుద్ధులను అపనిందను అకారణముగ మోయుచున్నారు. కావున ఇది వైద్యులకు మాత్రమే గాక, తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చుండు విద్యార్థులకును తెలియవలసిన విషయము.

ధ్వని యనగా గాలిలో వ్యాపించు కంపనము. సెకనుకు ఎన్ని కంపనములు కలుగునో ఆ సంఖ్యను హెర్ట్జులలో చెప్పుదురు. ఆరోగ్యవంతుడైన బాలుని చెవి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు గల ధ్వనులను గ్రహింపగలదు. చెవిదొప్ప ధ్వనిని చేర్చుకొని లోపలికి పంపగా కర్ణభేరి అదరును. దాని వెనుక కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలున్నవి. శరీరమునందలి ఎముకలన్నింటిలో ఇవియే మిక్కిలి చిన్నవి. ఇవి ఆ అదురును లోపలి చెవికి అందించును. అచట నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొని, ద్రవముతో నిండిన కర్ణావర్తము కలదు. అందులో సుమారు 15,000 రోమకణములు బారులుదీరి యుండును. అవి ద్రవపు కదలికను విద్యుత్సంకేతములుగా మార్చి, నాడి ద్వారమున మెదడునకు చేర్చును. మనుష్యునిలో ఒకసారి నశించిన రోమకణము మరల మొలవదు.

ఈ కర్ణావర్తము పనిచేయు తీరును హంగరీ దేశమున జన్మించిన గేయార్గ్ ఫాన్ బేకేషి అను శాస్త్రజ్ఞుడు వివరించి, 1961లో నోబెల్ బహుమానము పొందెను. కర్ణావర్తపు మొదటి చుట్టు సన్నని, కీచు ధ్వనులకును, చివరి కొన బొంగురు ధ్వనులకును స్పందించునని ఆయన చూపెను. హార్మోనియములో మెట్లు వరుసగా ఉన్నట్లే అచట స్వరములకు చోట్లు ఏర్పడియున్నవి. వార్ధక్యము వలనను, పెద్ద చప్పుళ్ల వలనను మొట్టమొదట చెడునది సాధారణముగ కీచు ధ్వనులకు సంబంధించిన భాగమే.

దీని ఫలితము భాషపై ఎట్లుండునో గమనింపదగినది. అచ్చులు బలమైన ధ్వనులు. వాని శక్తి క్రింది స్థాయి స్వరములలో నుండును. స, శ, చ మొదలగు హల్లులు బలహీనములు; వాని శక్తి పై స్థాయి స్వరములలో నుండును. కీచు ధ్వనులను వినలేని బాలునకు అచ్చులు చక్కగా వినబడును, స వంటి హల్లులు జారిపోవును. అతనికి 'సీత' అనినచో 'ఈత' యనియు, 'సాకు' అనినచో 'ఆకు' అనియు తోచవచ్చును. అట్టి బాలుని పేరు పెట్టి పిలిచినచో వెనుదిరిగి చూచును. తలుపు చప్పుడునకు ఉలికిపడును. అందుచే ఇంటివారు "పిలిచిన పలుకుచున్నాడు గదా, వీనికి చెవుడెక్కడిది?" అని అనుకొందురు. కాని చప్పుడు వినుట వేఱు, మాట తెలియుట వేఱు. గొంతు వినబడినను అక్షరము వినబడనివాడు సగము భాషలోనే జీవించును.

ఇక కన్ను సంగతి. దీనిని తెలిసికొనుటకు తెలుగు వర్ణమాలయే చక్కని సాధనము. క మొదలు మ వరకు గల 25 హల్లులను స్పర్శములందురు. వీనిలో కవర్గము కంఠమున, చవర్గము తాలువున, టవర్గము మూర్ధమున, తవర్గము దంతముల వద్ద, పవర్గము పెదవులందు పుట్టును. పవర్గములోని అయిదు అక్షరములకు మాత్రమే రెండు పెదవులును మూతపడును. తక్కిన యిరువదింటిని నాలుక నోటిలోపలనే పలికించును. కనుక ఎదుటివాని ముఖము చూచువానికి ప, ఫ, బ, భ, మ అను అయిదును స్పష్టముగ కానవచ్చును. మిగిలినవి చాలవరకు మఱుగుపడియుండును.

కానవచ్చిన అయిదింటిలోను ఒక చిక్కున్నది. అవి యన్నియు పెదవులపై ఒకే రూపున నుండును. ఇద్దఱు విద్యార్థులు ఎదురెదురుగ కూర్చుండి, ఒకడు గొంతు ఎత్తక, పెదవులు మాత్రమే కదలించుచు 'పాట', 'బాట', 'మాట' అను మూడు పదములను పలికినచో, రెండవవాడు ఏది యేదో చెప్పజాలడు. 'కలలు' అను పదమునకును 'కళలు' అను పదమునకును గల భేదము నోటి లోపలనే యున్నది. 'గద' యేదో 'గద్ద' యేదో పెదవులు చూచి తెలిసికొనుట కష్టము. కావున పెదవుల కదలికను చదువుట యనునది పుస్తకము చదువుట వంటిది కాదు. అక్షరములలో సగమునకు పైగా చెరిగిపోయిన పత్రమును ఊహతో పూరించుట వంటిది.

అట్లయిన కన్ను చేయు సహాయమేమి? 1955లో జార్జి మిల్లరు, పాట్రిషియా నైస్లీ అను అమెరికా శాస్త్రజ్ఞులు రొదలో మనుష్యులు ఏ హల్లులను తారుమారు చేయుదురో పరీక్షించిరి. సరళ పరుషముల భేదమును, అనునాసిక భేదమును చెవి రొదలోను బాగుగనే పట్టుకొనును. అనగా ప, బ, మ ల తేడా చెవికి తెలియును. కాని ప, త, క ల తేడా, అనగా అక్షరము నోటిలో ఏ చోట పుట్టెనను విషయము, రొదలో త్వరగా మాసిపోవును. దిల్‌సుఖ్‌నగరు కూడలిలో నిలిచినవానికి 'పాత' అనిరో, 'తాత' అనిరో, 'కాత' అనిరో చెవితో తేల్చుకొనుట కష్టము. సరిగా ఆ చోటనే కన్ను అక్కఱకు వచ్చును. పెదవులు మూతపడినచో 'పాత'. పడనిచో అది 'పాత' కాదు. చెవికి తెలియనిది కన్నునకు తెలియును; కన్నునకు తెలియనిది చెవికి తెలియును. ఒకదాని లోటును రెండవది తీర్చుటయే ఇందలి విశేషము. మాటలాడువాని ముఖము చూచుచు వినువారు రొదలో ఎక్కువ పదములను గుర్తింపగలరనియు, రొద పెరిగినకొలది చూపు చేయు మేలు హెచ్చుననియు సంబీ, పొలాక్ అను పరిశోధకులు 1954లోనే చూపియుండిరి.

1976లో హారీ మెక్‌గర్కు, జాన్ మెక్‌డొనాల్డు అను ఇద్దఱు మనశ్శాస్త్రజ్ఞులు ఇంగ్లండు దేశమున మఱియొక వింతను ప్రకటించిరి. ఒక స్త్రీ 'గ, గ' యని పలుకుచున్న చలనచిత్రమునకు 'బ, బ' యను ధ్వనిని జోడించి వారు పలువురకు చూపిరి. చూచినవారిలో పెక్కుమంది తమకు 'ద, ద' యని వినబడినదని చెప్పిరి. కన్నులు మూసికొనగనే వారికి 'బ' యనియే వినబడెను! ఇందలి కారణము యోచింపదగినది. చెవి 'బ' యని చెప్పుచున్నది. కాని పెదవులు మూతపడలేదని కన్ను సాక్ష్యమిచ్చుచున్నది. ఇద్దఱు సాక్షుల మాటలకును పొసగునట్లు మెదడు నడుమ దారిగా 'ద' యని తీర్పు చెప్పినది. వినుట యనునది చెవిలో ముగియక, మెదడులో జరుగు నిర్ణయమని ఈ ప్రయోగము వలన తేటపడినది.

మెదడు ఈ నిర్ణయము చేయుటను ఎప్పుడు నేర్చును? మిక్కిలి శైశవముననే. 1984లో జానెట్ వెర్కరు, రిచర్డు టీస్ అను కెనడా పరిశోధకులు ఇంగ్లీషు మాటలాడు కుటుంబములలోని శిశువులను పరీక్షించిరి. హిందీలోని ట, త ధ్వనుల భేదమును ఆరు మొదలు ఎనిమిది నెలల శిశువులు గుర్తింపగలిగిరి. కాని ఏడాది నిండు సమయమునకు ఆ శక్తి చాలవరకు సన్నగిల్లెను. ఇంగ్లీషున ఆ భేదముతో పనిలేదు గనుక మెదడు దానిని విడిచివేసినది. ఆ భేదమే తెలుగు శిశువునకు 'పాట'ను 'పాత' నుండి వేఱుచేయును. ప్రతిదినము వినుటచే ఆ శక్తి వానియందు స్థిరపడును. మొదటి పుట్టినరోజు నాటికే శిశువు తన మాతృభాషకు తగినట్లు చెవిని తీర్చుకొనునని దీనివలన తెలియుచున్నది. ఒక్క పదమైనను పలుకకపూర్వమే పునాది పడిపోవును.

పుట్టు చెవుడు గల శిశువునకు ఈ పునాది చెవి ద్వారమున పడదు. అతడును మొదటి నెలలలో ఇతర శిశువులవలెనే ఏడ్చును, నవ్వును, కూతలు కూయును. అందుచే ఎవరికిని అనుమానము కలుగదు. రెండేండ్లు నిండినను మాటలు రానపుడు, "వీని తండ్రికిని ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అని ఇంటి పెద్దలు ఓదార్చుకొందురు. ఆ ఓదార్పులో విలువైన కాలము గడచిపోవును. చివరకు అతనిని మూగవాడందురు. నిజమునకు అట్టివారిలో చాలమంది గొంతునకు ఏ లోపమును ఉండదు. వినని మాటను అనుకరించుట సాధ్యము కాదు గనుకనే వారు పలుకలేకున్నారు. పెదవులు చూచి నేర్చుకొనరాదా యని కొందఱందురు. 'బాట వెంట నడిచెను' అను వాక్యములో 'పాట' కాక 'బాట'యే అయియుండునని ఊహించుటకు ముందుగా ఆ భాష వచ్చియుండవలెను. భాషయే రాని శిశువు దేని ఆధారమున ఊహించును?

పాఠశాలలో మఱియొక విధమైన బాలుడు కనబడును. అతనికి చెవుడు స్వల్పము. ఇంటిలో దగ్గఱనుండి చెప్పిన మాట తెలియును. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండినపుడు తెలియదు. బహిరంగ స్థలమున మాటలాడువానికిని వినువానికిని గల దూరము రెట్టింపైనచో ధ్వని సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. సామాన్య సంభాషణ మీటరు దూరమున సుమారు 60 డెసిబెళ్లుండును. ప్రతి 10 డెసిబెళ్లకు ధ్వని తీవ్రత పది రెట్లు మారును. బాట ప్రక్కనున్న పాఠశాలలో కిటికీ నుండి వచ్చు రొద కూడ కలిసినచో వెనుక బల్లవానికి మిగులునది కొంచెమే. ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి చెప్పునపుడు ముఖము కూడ కానరాదు. అప్పుడు ఆ బాలునకు చెవియు లేదు, కన్నును లేదు. అతడు ప్రక్కవాని పలక చూచి వ్రాయును. దొంగతనమని దండన పొందును. ప్రశ్నకు సంబంధము లేని జవాబు చెప్పును. తరగతి నవ్వును. కొన్నాళ్లకు అతడు చేయి యెత్తుట మానివేయును. చదువునకు దూరమైన బాలుడు సోమరియనియే లోకము తలచును.

తెలుగు లిపి చాలవరకు ఉచ్చారణను అనుసరించునది గనుక పిల్లలు విన్నట్లే వ్రాయుదురు. కావున ఉక్తలేఖనపు తప్పులు ఒక విధముగ చెవికి అద్దములు. 'సంత'ను 'అంత' యని, 'పాలు'ను 'బాలు' అని మరల మరల వ్రాయు బాలుని చెవులను పరీక్షింపజేయుట మంచిది. నల్లబల్లపై నున్న వ, ప, ష లను తారుమారు చేయువానికి కన్నులు పరీక్షింపవలెను. చెవులును కన్నులును బాగుగనే యుండి, అక్షరమును ధ్వనితో జతపఱచుటయందు మెదడు తడబడు పిల్లలును కలరు. అదియు సోమరితనము కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో వినికిడి లోపముతోపాటు ఇట్టి అభ్యసన వైకల్యమును చేరియున్నది.

చెవుడునకు కారణములు పెక్కు. కొన్ని వంశపారంపర్యములు, దగ్గఱి రక్తసంబంధము గలవారి పెండ్లిండ్లలో వీనికి అవకాశము హెచ్చు. గర్భిణికి రుబెల్లా జ్వరము సోకుట, శిశువునకు మెదడువాపు పొరల జ్వరము వచ్చుట మఱికొన్ని కారణములు. చెవి నుండి చీము కారుచుండగా ఉపేక్షించుట వలన కర్ణభేరి చిల్లుపడును. చెవిలో పిన్నీసులు, అగ్గిపుల్లలు దూర్చుట, కాచిన నూనె పోయుట అపాయకరములు. వీనిలో కొన్నిటిని టీకాల వలనను, శుభ్రత వలనను, సకాల వైద్యము వలనను నివారింపవచ్చును. ఇక పెద్ద చప్పుడు నేటి కాలపు శత్రువు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లును, వాణిజ్య ప్రాంతములలో పగలు 65, రాత్రి 55 డెసిబెళ్లును హద్దులు. ఇయర్‌ఫోనులు పెట్టుకొని పాటలు వినువారు 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెళ్లే.

చెవుడును ఎంత త్వరగా గుర్తించిన అంత మేలు. శిశువు నిద్రించుచుండగా చెవిలోనికి మెల్లని ధ్వనిని పంపి, కర్ణావర్తము ఇచ్చు ప్రతిధ్వనిని కొలుచు యంత్రములు కలవు. దీనివలన శిశువునకు నొప్పి లేదు. పుట్టిన నెలలోపల పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల సహాయము అను నియమమును వైద్యులు బోధింతురు. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున క్రిస్టీన్ యోషినాగా-ఇటానో మొదలగువారు చెవిటి పిల్లల భాషను పరిశీలించి, ఆరు నెలలలోపల గుర్తింపబడిన వారికి తరువాత గుర్తింపబడిన వారికంటె భాష మెఱుగుగ వచ్చెనని చూపిరి. మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్లలోపు పిల్లలకు జరుపు పరీక్షలలో వినికిడి పరీక్షయు కలదు. హైదరాబాదు కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి యున్నది.

వినికిడి కొంత మిగిలియున్నవారికి వినికిడి యంత్రములు ధ్వనిని పెంచి వినిపించును. రోమకణములు బొత్తిగ నశించినవారికి యంత్రము ఎంత పెంచినను ఫలముండదు. అట్టివారికొరకు ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు గ్రేయం క్లార్కు పెక్కేండ్లు పరిశ్రమించెను. ఆయన తండ్రి వినికిడి మందగించిన ఔషధ వ్యాపారి. తండ్రి పడిన ఇబ్బందిని క్లార్కు బాల్యముననే చూచెను. కర్ణావర్తపు చుట్లలోనికి సన్నని తీగను ఎట్లు పోనిచ్చుట యన్నది ఆయనకు పెద్ద సమస్య. ఒకనాడు సముద్రపు టొడ్డున ఒక గుల్లలోనికి గడ్డిపరకను దూర్చి చూడగా, కొన మెత్తగను మొదలు గట్టిగను ఉన్న పరక సులభముగ చుట్లు తిరిగి లోనికి పోయెను. ఆ ఉపాయముననుసరించి తీగను చేసి, 1978లో ఆయన తొలి శస్త్రచికిత్స జరిపెను. చెడిన రోమకణములను దాటి ఆ తీగ నేరుగా నాడికే సంకేతములిచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలన బీద కుటుంబముల శిశువులకును ఈ చికిత్స అందెను. అయితే చికిత్సతోనే పని ముగియదు. ధ్వనికి అర్థము తెలియుటకు తల్లిదండ్రులు మాసముల తరబడి, ఏండ్ల తరబడి ఓపికతో మాటలాడుచు నేర్పవలెను.

భాషకు చెవి యొక్కటియే ద్వారము కాదు. చేతుల కదలికతోను, ముఖ కవళికలతోను సాగు సంజ్ఞాభాష సంపూర్ణమైన భాషయే. దానికి పదములును, వ్యాకరణమును కలవని 1960లో విలియం స్టోకీ అను అమెరికా పండితుడు నిరూపింప మొదలిడెను. మాటలాడు భాషకు ఆధారమైన మెదడు ఎడమ భాగమే సంజ్ఞాభాషకును ఆధారమని తరువాతి పరిశోధనలు చూపినవి. మెదడునకు కావలసినది భాష. అది చెవి నుండి వచ్చినను, కంటి నుండి వచ్చినను స్వీకరించును. శైశవముననే సంజ్ఞలు నేర్చిన బిడ్డకు తలంపులు చెప్పుకొనుటకు భాష దొరకును. 2015లో న్యూఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము నెలకొల్పబడెను. అది 2018లో 3,000 పదముల నిఘంటువును ప్రకటించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచెను.

దిల్‌సుఖ్‌నగరునకు చేరువనున్న మలక్‌పేటలో బధిర బాలబాలికల కొరకు ప్రభుత్వ పాఠశాల కలదు. సికింద్రాబాదులోని మనోవికాస నగరున అలీ యావర్ జంగ్ పేర వెలసిన జాతీయ వాక్ శ్రవణ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రమున్నది. ఆ సంస్థ ముంబయిలో 1983లో స్థాపింపబడెను. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగను, పిదప మహారాష్ట్ర గవర్నరుగను పనిచేసిన ప్రముఖుని పేరు దానికి పెట్టబడినది.

ఊరి ఏర్పాట్లలో కన్నునకు చోటిచ్చుటయు ఒక సేవయే. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడువ మొదలిడెను. దిల్‌సుఖ్‌నగరు దాటిన పిదప చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ వెనుక ఎల్.బి. నగరు వచ్చును. రాబోవు స్టేషను పేరును పెట్టెలోని గొంతు తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషలలో చెప్పును, వ్రాతయు కనబడును. చూపు లేనివారికి గొంతును, వినికిడి లేనివారికి వ్రాతయు దారి చూపును. ఉభయులును ఒకరినడుగ పనిలేక తమ చోట దిగుదురు. ఇందుకు భిన్నమైన అనుభవము 2020లో కలిగెను. కరోనా వ్యాధికి భయపడి జనులందఱు ముఖమునకు మాస్కులు కట్టుకొనగా, పెదవులు చూచి మాటలు తెలిసికొనువారికి లోకమంతయు ఒక్కసారిగా మూగబోయినట్లయ్యెను. కొందఱు ఉపాధ్యాయులు, వైద్యులు పెదవులు కానవచ్చు పారదర్శకమైన మాస్కులు ధరించి వారికి తోడ్పడిరి.

ఇంత పెద్ద సహాయము అందఱికి సాధ్యము కాకపోయినను, చిన్న సహాయములు ప్రతి విద్యార్థికిని సాధ్యములే. వినికిడి తగ్గినవానితో మాటలాడునపుడు ఎదురుగ నిలిచి, వెలుతురు తన ముఖముపై పడునట్లు చూచుకొనవలెను. అఱచినను, పెదవులను అతిగా సాగదీసినను అక్షరపు రూపు చెడును. మామూలుగ, కొంచెము నిదానముగ పలికిన చాలును. తెలియని పదమును మరల మరల చెప్పుటకంటె వేఱొక పదముతో చెప్పుట మేలు. 'పాట' తెలియనిచో 'గానము' అనవచ్చును. అప్పటికిని తెలియనిచో కాగితముపై వ్రాసి చూపవచ్చును. తరగతిలో ముందు బల్లను అతనికి విడువవచ్చును. ఉపాధ్యాయుడు వెనుదిరిగి చెప్పిన వాక్యమును తన పుస్తకమున చూపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ, తప్పు జవాబు చెప్పినపుడు నవ్వకుండవచ్చును.

బతుకమ్మ పండుగనాడు స్త్రీలు వలయముగ తిరుగుచు చప్పట్లు చఱచుదురు. పాట వినబడని బాలిక ఆ వలయమున నిలిచినచో, ప్రక్కవారి చేతులు కలియు తరుణమును కన్నులతో పట్టుకొని తానును సరిగా అదే తాళమునకు చేతులు కలుపగలదు. డప్పు మ్రోగునపుడు ఆ అదురును గుండెతోను, అరికాళ్లతోను గ్రహించును. ఆమెకు కావలసినది జాలి కాదు, వలయములో చోటు. తరగతియు అట్టి వలయమే. అందు ఆమె కంటికి అందునట్లు ముఖము త్రిప్పి మాటలాడు తోటి విద్యార్థి యొక్కడున్నను ఆమె చదువు ఆగిపోదు.

ప్రశ్నలు

1. 'చప్పుడు వినుట వేఱు, మాట తెలియుట వేఱు' అను వాక్యమును ఉదాహరణములతో వివరింపుము.

2. 'పాట, బాట, మాట' అను పదములను పెదవులు చూచి వేఱుపఱచుట ఏల కష్టము? 'పాత, తాత, కాత' అను పదముల విషయమున కన్ను చేయు సహాయమేమి?

3. మెక్‌గర్కు, మెక్‌డొనాల్డు జరిపిన ప్రయోగము వలన ఏమి తేలినది?

4. పుట్టు చెవుడు గల శిశువును మూగవాడనుట ఏల సరికాదు?

5. నీ తరగతిలో వినికిడి తగ్గిన విద్యార్థి యున్నచో నీవు చేయదగిన సహాయములను పది వాక్యములలో వ్రాయుము.